నురగ కథ: ఎమర్జెన్సీ డాక్టర్ల పాఠాలు మన ఫోన్‌లోకి ఎలా వచ్చాయి?



ఈ ఎపిసోడ్ ఒక ఫిర్యాదుతో మొదలుపెడదాం. రాత్రి రెండింటికి ఇంట్లో పెద్దాయనకి ఊపిరాడక క్యాజువాల్టీకి పరిగెత్తారు అనుకోండి. తర్వాత ఇంటికొచ్చి అందరూ చెప్పే మాట ఒకటుంటుంది. "లోపల మనిషి కొట్టుకుంటుంటే ఆ డ్యూటీ డాక్టర్ ఫోన్ చూసుకుంటున్నాడండీ!" మా చుట్టాల్లోనే నలుగురి నోట విన్నాను ఈ మాట. వాళ్ల కోపం న్యాయమే. అయితే ఆ ఫోన్‌లో ఏముందో మనకి తెలీదు కదా. వాట్సాప్ అయ్యుండొచ్చు, కాదని నేను పూచీ ఇవ్వలేను. కానీ ఆ పెద్దాయన ఈసీజీలో కనిపించిన గీత లాంటిదే ఇంకో గీతని, ఎక్కడో ఆస్ట్రేలియా డాక్టర్లు ఊరికే పెట్టిన పేజీలో వెతుకుతూ కూడా ఉండొచ్చు.

ఊరికే అంటే నిజంగా ఊరికే. లాగిన్ లేదు, ఫీజు లేదు. ప్రాణం మీదకొచ్చిన మనిషిని ఎలా కాపాడాలో చెప్పే చదువు, ఒకప్పుడు లక్షలు పోసి కొనుక్కోవాల్సిన చదువు, అలా ఫ్రీగా ఎందుకు పెట్టారు? ఎవరు పెట్టారు? దానివల్ల మంచే జరిగిందా? ఇదీ ఇవాళ్టి చరిత్ర. ముందే చెప్తున్నా, నేను డాక్టర్‌ని కాదు. చరిత్ర చదివి చెప్పేవాణ్ణి. వైద్యం మీ డాక్టర్నే అడగండి, కథ నన్ను అడగండి.

ఇంటర్నెట్ పుట్టకముందు నుంచి మొదలుపెట్టాలి, లేకపోతే అసలు విషయం అర్థం కాదు. 1952, డెన్మార్క్, కోపెన్‌హాగెన్ నగరం. ఆ వేసవి చివర్లో పోలియో విరుచుకుపడింది. పోలియో అంటే మనకి కాలు చచ్చుబడటమే గుర్తొస్తుంది. కానీ కొందరికి ఊపిరి తీసే కండరాలు, మింగే కండరాలు చచ్చుబడతాయి. అలాంటి వాళ్లు బ్లెగ్డామ్ హాస్పిటల్‌కి వరదలా వచ్చారు. అక్కడేమో మనిషిని లోపల పడుకోబెట్టి ఊపిరి ఆడించే ఇనుప పీపా లాంటి మెషీన్ ఒక్కటే ఉంది. ఛాతీకి తొడిగే చిన్నవి ఆరు. మొదటి 3 వారాల్లో వాటి సాయంతో వైద్యం చేసిన 31 మందిలో 27 మంది చనిపోయారు.

అప్పుడు ఆ హాస్పిటల్ పెద్ద ప్రొఫెసర్ లాసెన్, బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టర్‌ని పిలిపించాడు. ఇబ్సెన్ చెప్పింది చాలా సింపుల్. ఆపరేషన్ థియేటర్లో మేం రోజూ చేసే పనే ఇక్కడ చేద్దాం, గొంతు దగ్గర చిన్న రంధ్రం చేసి, ట్యూబ్ పెట్టి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ గాలి పంపిద్దాం అన్నాడు. ఆగస్టు 27న 12 ఏళ్ల అమ్మాయి మీద చేసి చూపించాడు. ఆ పిల్ల బతికింది.

బాగానే ఉంది. కానీ రాత్రీ పగలూ ఆ సంచి నొక్కేదెవరు? ఒకరోజు కాదు, వారాలు, నెలలు. మెడికల్ స్టూడెంట్లని పిలిచారు. దాదాపు 1,500 మంది స్టూడెంట్లు షిఫ్టుల వారీగా వచ్చి, మంచం పక్కన కూర్చుని, ఒక్కో పేషెంట్‌కి ఊపిరి పోశారు. అక్షరాలా పోశారు. 80 శాతం దాటిన మరణాలు కొన్ని నెలల్లోనే సగానికి పడిపోయాయి. ఇవాళ ఐసీయూ అని మనం అంటున్న దానికి అక్కడే పునాది పడిందని చాలామంది చెప్తారు.

నాకు ఈ కథలో ఆసక్తిగా అనిపించేది వేరే ఉంది. ఆ స్టూడెంట్ల చేతిలో దీని గురించి టెక్స్ట్‌బుక్ లేదు. అసలు అలాంటి పుస్తకమే లేదు. ఎలా నొక్కాలి, పేషెంట్ మొహంలో ఏం చూడాలి, ఎప్పుడు కేకేయాలి, అన్నీ పక్కన నిలబడి చూసి నేర్చుకున్నవే. అంటే ఎమర్జెన్సీ విద్య చేతికి ఎక్కడానికి ఏళ్లు అక్కర్లేదు. కానీ అదే విద్య ఆ హాస్పిటల్ గోడ దాటడానికి? లాసెన్ రాసిన వ్యాసం లండన్ నుంచి వచ్చే లాన్సెట్ పత్రికలో 1953 జనవరిలో అచ్చయింది. ఆ పత్రిక ఓడెక్కి, ఏదో లైబ్రరీలో దిగి, ఎవరో ప్రొఫెసర్ చదివి, నచ్చితే క్లాసులో చెప్పి... ఆ లోపు ఎంతమంది పోయుంటారో లెక్కెవరు రాశారు.

ఇలాంటిదే ఇంకోటి 1960లో. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్‌లో కౌవెన్‌హోవెన్ అని ఒక పెద్దాయన. డాక్టర్ కూడా కాదండోయ్, ఎలక్ట్రికల్ ఇంజినీర్! కరెంట్ షాక్‌తో ఆగిన గుండెని మళ్లీ ఎలా నడిపించాలని పరిశోధన చేస్తున్నాడు. ఆయన దగ్గర చదువుకునే నికర్‌బాకర్ అనే కుర్రాడు ఒక సంగతి గమనించాడు. కుక్క ఛాతీ మీద ఆ మెషీన్ పలకల్ని గట్టిగా అదిమితే చాలు, షాక్ ఇవ్వకముందే బీపీ కాస్త లేస్తోంది. అక్కడి నుంచి వచ్చిందే ఛాతీ మీద నొక్కే పద్ధతి. సర్జన్ జూడ్‌తో కలిసి ముగ్గురూ 1960లో వ్యాసం అచ్చేశారు. అంతకుముందు ఆగిన గుండెని నొక్కాలంటే ఛాతీ కోసి చెయ్యి లోపల పెట్టేవాళ్లు. వీళ్లేమో రెండు చేతులు చాలు, ఎవరైనా, ఎక్కడైనా మొదలుపెట్టొచ్చు అన్నారు.

ఎవరైనా చేయొచ్చు అన్నారు, సరే, ఎవరికైనా నేర్పేదెలా? బతికున్న మనిషి ఛాతీ మీద ప్రాక్టీస్ చేయలేం కదా. అదే ఏడాది నార్వేలో బొమ్మలు తయారుచేసే లేర్డాల్ అనే వ్యాపారి మనిషి సైజు బొమ్మ తెచ్చాడు. ఇప్పటికీ ట్రైనింగుల్లో కనిపించే ఆ బొమ్మే. ఆ బొమ్మ మొహం వెనకాల పెద్ద కథ ఉంది, దాన్ని ఇక్కడ ఎత్తుకుంటే తెల్లారిపోతుంది.

తర్వాత కోర్సుల కాలం వచ్చింది. 1976 ఫిబ్రవరిలో స్టైనర్ అనే ఎముకల సర్జన్ కుటుంబంతో సొంత చిన్న విమానంలో వెళ్తుంటే, అమెరికాలో నెబ్రాస్కా పొలాల్లో అది కూలిపోయింది. భార్య అక్కడికక్కడే చనిపోయింది. నలుగురు పిల్లల్లో ముగ్గురికి తీవ్ర గాయాలు. దారిన పోయే కారు ఆపి పిల్లల్ని దగ్గర్లోని చిన్న హాస్పిటల్‌కి చేర్చాడు. అక్కడి వైద్యం చూసి ఆయనకి తల తిరిగిపోయింది. పొలంలో చేతికందిన వాటితో నేను చేసిందే ఇంతకంటే నయం అనుకున్నాడు. ఆ బాధలోంచి పుట్టిన ట్రామా కోర్సు 1978లో మొదలైంది. 1980లో అమెరికా సర్జన్ల కాలేజీ దాన్ని తీసుకుంది. ఇవాళ ప్రపంచమంతా నేర్చుకునే ఏటీఎల్‌ఎస్ అదే. ముందు శ్వాసదారి, తర్వాత ఊపిరి, తర్వాత రక్తం, ఈ వరస తప్పొద్దు అని నేర్పే కోర్సు.

మంచి కోర్సే, కాదనను. కానీ దానికి ఫీజుంది, సీట్లకి పరిమితి ఉంది, పెద్ద ఊరికి వెళ్లి రెండుమూడు రోజులు ఉండాలి. చిన్న ఊరి హాస్పిటల్లో పరిస్థితి చూసి పుట్టిన చదువు, చివరికి చిన్న ఊరి డాక్టర్‌కే అందడం కష్టమైపోయింది. ఇది నాకు కొంచెం చేదుగానే అనిపిస్తుంది.

ఇప్పుడు ఇంకో లెక్క చూద్దాం. గుండెపోటులో రక్తనాళానికి అడ్డుపడిన గడ్డని కరిగించే మందు స్ట్రెప్టోకైనేజ్. దాని మీద 1959 నుంచి 1988 దాకా జరిగిన 33 ట్రయల్స్‌ని 1992లో కొందరు పరిశోధకులు వరసగా పేర్చి కూడారు. ఏ ఏడాదికి ఎంత రుజువు పోగైందో చూశారు. ఏం తేలిందో తెలుసా? 1973 నాటికే, 8 ట్రయల్స్, 2,432 మంది పేషెంట్లు అయ్యేసరికే, మందు ప్రాణాలు కాపాడుతోందని లెక్క తేలిపోయింది. కానీ టెక్స్ట్‌బుక్కులు, పెద్ద డాక్టర్ల వ్యాసాలు దాన్ని మామూలుగా ఇవ్వమని రాయడానికి ఇంకో పదేళ్లకి పైగా పట్టింది. అదే సమయంలో గుండెపోటు వచ్చినవాళ్లకి ముందుజాగ్రత్తగా లిడోకైన్ ఇవ్వమని రాస్తూనే ఉన్నారు. దానివల్ల ప్రాణాలు నిలుస్తున్నాయన్న రుజువు మాత్రం లేదు.

ఆలస్యం అమృతం విషం అని మన పెద్దలు అన్నది దీనికి సరిగ్గా సరిపోతుంది. మందు ఉంది. రుజువు ఉంది. మంచం పక్కన ఉన్న డాక్టర్‌కి మాత్రం కబురు అందలేదు.

మిగతా స్పెషాలిటీల వాళ్లు ఈ ఆలస్యాన్ని కొంత తట్టుకోగలరు. ఎమర్జెన్సీ వాళ్లకి కుదరదు. వాళ్ల దగ్గరికి ఏ జబ్బు వస్తుందో ముందు తెలీదు. పాము కాటు పక్క మంచంలో గుండెపోటు, దాని పక్కన పురుగుల మందు. డ్యూటీలేమో షిఫ్టుల్లో. పొద్దున 9 గంటల క్లాసుకి రమ్మంటే సగం మంది రాత్రంతా పనిచేసి పడుకుని ఉంటారు. పైగా స్పెషాలిటీయే కొత్తది. అమెరికాలో దానికి గుర్తింపు 1979లో. మన దేశంలో మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దాన్ని స్పెషాలిటీగా గుర్తించింది 2009లో. మొన్నటి మాట! అంటే మొదటి బ్యాచుల వాళ్లకి, ఆ చదువే చదివిన సీనియర్లు పైన లేరన్నమాట. మరి ఎవర్ని చూసి నేర్చుకోవాలి?

ఇక్కడే ఇంటర్నెట్ వచ్చింది.

2000ల చివర్లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో మైక్ కడోగన్ అనే ఎమర్జెన్సీ డాక్టర్, క్రిస్ నిక్సన్ తదితరులు కలిసి లైఫ్ ఇన్ ద ఫాస్ట్ లేన్ అనే సైట్ నడపడం మొదలుపెట్టారు. పెర్త్ ఎక్కడుందో మ్యాప్‌లో ఒకసారి చూడండి. ఒక పక్క సముద్రం, మూడు పక్కలా వేల కిలోమీటర్ల ఖాళీ. అక్కడ ఒక మారుమూల ఊళ్లో డ్యూటీలో ఉన్న డాక్టర్‌కి అర్ధరాత్రి అనుమానం వస్తే, పక్క గదిలో ప్రొఫెసర్ ఉండడు. ఇలాంటి సైట్ అక్కడ పుట్టడంలో నాకైతే ఆశ్చర్యం కనిపించలేదు. వాళ్ల ఈసీజీ లైబ్రరీ ఇవాళ్టికీ ఫ్రీ. ఒక్కో రకం గుండె లయకి బోలెడు అసలు ఈసీజీలు, పక్కనే వివరణ.

2009లో ఇంకో రెండు మొదలయ్యాయి. శాన్ ఫ్రాన్సిస్కోలో మిషెల్ లిన్ అనే డాక్టర్ ఎమర్జెన్సీ పాఠాల సైట్ పెట్టారు. న్యూయార్క్‌లో స్కాట్ వైన్‌గార్ట్ ఎమ్‌క్రిట్ అనే పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాడు. ఐసీయూలో చేసే స్థాయి వైద్యం క్యాజువాల్టీ గుమ్మంలోనే మొదలవ్వాలన్నది ఆయన వాదన. మొదటి ఎపిసోడ్ దేని గురించో చెప్తాను, ఎందుకంటే మన ఇళ్లలో చాలామంది చూసిన దృశ్యమే అది. బీపీ బాగా ఉన్న మనిషికి అర్ధరాత్రి ఉన్నట్టుండి ఆయాసం ముంచుకొస్తుంది. పడుకోలేడు, మాట రాదు, ఒళ్లంతా చెమట. బీపీ ఆకాశంలో ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిపోతూ ఉంటుంది. ఇలాంటప్పుడు ముందు నీరు లాగే ఇంజెక్షన్ ఇచ్చి కూర్చోవడం కాదు, గట్టిగా బిగించిన మాస్కుతో గాలి ఒత్తిడి పెట్టండి, రక్తనాళాల్ని సడలించే నైట్రోగ్లిజరిన్‌ని భయపడకుండా తగినంత ఇవ్వండి, నిమిషాల్లో మనిషి తేరుకుంటాడు అన్నది ఆ ఎపిసోడ్ సారాంశం. కారులో డ్యూటీకి వెళ్తూ ఆ పాఠం విన్న డాక్టర్, అదే రాత్రి దాన్ని వాడగలడు. లాన్సెట్ ఓడ ప్రయాణంతో పోల్చుకోండి ఒకసారి.

ఫిలడెల్ఫియాలో జో లెక్స్ అని ఇంకో పెద్దాయన ఉన్నాడు. కాన్ఫరెన్సుల్లో జరిగే ఉపన్యాసాల రికార్డింగులు పోగేసి ఫ్రీగా పెట్టేవాడు. ఆయన మాట ఒకటి ఈ డాక్టర్లలో బాగా పాకింది. దాని భావం ఏంటంటే, టెక్స్ట్‌బుక్కులో దొరికేది 5 ఏళ్ల కిందటి వైద్యం, జర్నల్లో దొరికేది 2 ఏళ్ల కిందటిది, కాన్ఫరెన్సులో వినేది ఇవాళ్టిది, రేపటి వైద్యం కావాలంటే వరండాలో డాక్టర్ల కబుర్లు, ఈ ఫ్రీ పాఠాలు వినాలి అని. ఈ మాటలో గర్వం ఉంది, నిజమూ ఉంది. ప్రమాదం కూడా ఉంది, దానికి ఇంకాసేపట్లో వస్తాను.

ఇక నురగ సంగతి. 2012లో ఐర్లాండ్‌లోని డబ్లిన్‌లో అంతర్జాతీయ ఎమర్జెన్సీ మెడిసిన్ కాన్ఫరెన్స్ జరిగింది. కడోగన్ అక్కడ ఈ ఫ్రీ పాఠాల గురించి మాట్లాడాలి. ఆయనకి ఒక చిక్కు. సోషల్ మీడియా అన్న మాట వినగానే సీనియర్ డాక్టర్లు మొహం తిప్పేసుకుంటున్నారు. ఫేస్‌బుక్కులో వైద్యం ఏంటయ్యా అని. కాబట్టి దీనికి మర్యాదగా ఒక పేరు కావాలి. పబ్బులో కూర్చుని గిన్నెస్ బీర్ గ్లాసు మీద తేలుతున్న నురగ చూస్తుంటే పేరు తట్టింది. ఫోమ్! ఫ్రీ ఓపెన్ యాక్సెస్ మెడికల్ ఎడ్యుకేషన్. అక్షరాలు సరిగ్గా కుదిరాయి. ట్విట్టర్‌లో ఫోమ్‌ఎడ్ అనే హ్యాష్‌ట్యాగ్ పుట్టింది, వేలమంది డాక్టర్లు దాని కింద చేరారు. మరుసటి ఏడాది 2013లో సిడ్నీలో స్మాక్ అనే పేరుతో వీళ్లదే కాన్ఫరెన్స్ పెట్టి, ఉపన్యాసాలు కూడా నెట్‌లో ఫ్రీగా వదిలారు.

వీళ్లందర్లో నాకు బాగా నచ్చే పని సిడ్నీ డాక్టర్ అలెక్స్ యార్ట్‌సెవ్‌ది. ఐసీయూ స్పెషలిస్ట్ పరీక్షల కోసం రాసుకున్న నోట్సుని డిరేంజ్డ్ ఫిజియాలజీ అనే సైట్‌గా పెట్టేశాడు. పాత పరీక్షల ప్రశ్నలు, వెంటిలేటర్ ఎలా పనిచేస్తుంది, ఉప్పు నీళ్ల సెలైన్ ఒంట్లోకి వెళ్లాక ఏమవుతుంది, అన్నీ ఉంటాయి, మధ్యమధ్యలో జోకులతో. మన క్లాసులో టాపర్ తన నోట్సు జిరాక్స్‌కి ఇవ్వడానికే వెయ్యి వంకలు చెప్తాడు. ఈయన ప్రపంచానికి ఇచ్చేశాడు.

ఇప్పుడు ప్రమాదం సంగతి. మందు తొందరగా పాకినట్టే, తప్పు కూడా అంతే తొందరగా పాకుతుంది.

2017లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం నుంచి పాల్ మారిక్ అనే ఐసీయూ డాక్టర్ ఒక వ్యాసం వేశాడు. సెప్సిస్ అంటే తెలుసు కదా, ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి, బీపీ పడిపోయి, కిడ్నీలు, ఊపిరితిత్తులు ఒక్కొక్కటే మొండికేసే పరిస్థితి. అలాంటి 47 మందికి విటమిన్ సి, స్టెరాయిడ్, థయామిన్ కలిపి నరం ద్వారా ఇచ్చాడు. వాళ్లలో 8.5 శాతం మంది చనిపోయారు. అంతకుముందు ఇవేవీ ఇవ్వకుండా చూసిన 47 మందిలో 40.4 శాతం. ఊహించండి, విటమిన్ సి! చవక, ప్రతి మందుల షాపులో ఉండేది. వార్త నిప్పులా అంటుకుంది. పాడ్‌కాస్టులు, ట్వీట్లు, వీడియోలు. చాలాచోట్ల ఐసీయూల్లో వాడటం మొదలైపోయింది.

జాగ్రత్తగా చూస్తే అది చాలా చిన్న స్టడీ. ఒకే హాస్పిటల్. చీటీ వేసి పేషెంట్లని రెండు గ్రూపులుగా విడగొట్టలేదు, మందు ఇచ్చినవాళ్లని అంతకుముందు నెలల్లో వచ్చినవాళ్లతో పోల్చారు. ఈ మాట అప్పుడే అన్నవాళ్లు ఉన్నారు, అదే ఫ్రీ సైట్లలోనే ఉన్నారు, అది మర్చిపోకూడదు. తర్వాత చీటీ వేసి చేసిన పెద్ద ట్రయల్స్ వచ్చాయి. 2020లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రెజిల్ దేశాల్లో 216 మంది మీద చేసిన దాంట్లో లాభం కనపడలేదు. 2022లో 872 మందికి విటమిన్ సి ఒక్కటే ఇచ్చి చూసిన ట్రయల్‌లో ఇంకా ఘోరం. 28 రోజుల్లో చనిపోయిన వాళ్లు, అవయవాలు ఇంకా తేరుకోని వాళ్లు కలిపి విటమిన్ గ్రూపులో 44.5 శాతం, ఉత్త మందు గ్రూపులో 38.5 శాతం. అంటే నష్టమే జరిగింది.

మధ్యలో అయిదేళ్లు! పాత పద్ధతిలో అయితే మంచి మందు జనానికి అందక పోయేది. కొత్త పద్ధతిలో రుజువు లేని మందు ముందే అందిపోయింది. జర్నల్ అంత నెమ్మదిగా ఎందుకు నడుస్తుందంటే, అచ్చుకి ముందు ఇద్దరుముగ్గురు తెలిసినవాళ్లు దాన్ని చదివి తప్పులు పట్టాలి కాబట్టి. అప్పటికీ కొన్ని జారిపోతాయి, మారిక్ వ్యాసం కూడా జర్నల్లో వచ్చిందే. ఫ్రీ పాఠంలో ఆ జల్లెడ పట్టే పని చాలావరకు వినేవాడి నెత్తిన పడుతుంది. రాత్రి డ్యూటీలో నిద్ర కళ్లతో ఉన్న హౌస్ సర్జన్ నెత్తిన. కెన్ మిల్న్ అనే కెనడా డాక్టర్ 2012 నుంచి నడుపుతున్న పాడ్‌కాస్ట్ చేసేది అచ్చంగా ఈ పనే, ఒక్కో రీసెర్చ్ పేపర్ తీసుకుని, ఇది నమ్మొచ్చా లేదా అని విప్పి చూపిస్తాడు. నన్నడిగితే కొత్త మందుల పాఠాల కంటే ఇలాంటివి ఎక్కువ విలువైనవి. వ్యూస్ వస్తాయా రావా అన్నది వేరే మాట, నా ఛానల్ చూసి మీకే తెలుసు.

2020లో ఈ రెండు మొహాలూ ఒకేసారి కనిపించాయి. కోవిడ్ కొత్త జబ్బు, పుస్తకమే లేదు, మళ్లీ కోపెన్‌హాగెన్ పరిస్థితి. జోష్ ఫార్కస్ అనే డాక్టర్ ఎమ్‌క్రిట్ సైట్‌లో రాసే ఇంటర్నెట్ బుక్ ఆఫ్ క్రిటికల్ కేర్‌లో కోవిడ్ అధ్యాయం పెట్టి, కొత్త సంగతి తెలిసినప్పుడల్లా మార్చుకుంటూ వెళ్లాడు. మార్చుకునే టెక్స్ట్‌బుక్ అన్నమాట. హార్వర్డ్ వాళ్లు వెంటిలేటర్ మీద ఫ్రీ కోర్సు పెట్టారు. ఇంకోపక్క ఫ్రాన్స్ నుంచి 36 మంది మీద చేసిన చిన్న స్టడీ పట్టుకుని ప్రపంచమంతా హైడ్రాక్సీక్లోరోక్విన్ వెంట పడింది. మన షాపుల్లో కూడా ఆ బిళ్ల కోసం ఎగబడ్డారు, గుర్తుందా? చివరికి బ్రిటన్‌లో జరిగిన రికవరీ అనే పెద్ద ట్రయల్ జూన్‌లో రెండు మాటలు తేల్చింది. హాస్పిటల్లో చేరిన వాళ్లకి ఆ బిళ్లతో లాభం లేదు. డెక్సామెథాసోన్ అనే చవక స్టెరాయిడ్ మాత్రం వెంటిలేటర్ మీదున్న వాళ్లలో మరణాల్ని మూడో వంతు, ఆక్సిజన్ మీదున్న వాళ్లలో అయిదో వంతు తగ్గిస్తోంది. ఈ రెండో కబురు జూన్ 16న బయటికొచ్చింది, అదే రోజు బ్రిటన్‌లో వాడకం మొదలైంది. ఎక్కడ 1973 నుంచి పదేళ్ల పైచిలుకు, ఎక్కడ ఒక్క రోజు! ఇందులో వేగం ఎంత ఉందో జల్లెడా అంతే ఉంది, వేల మంది మీద చీటీ వేసి చేసిన ట్రయల్ అది.

2021 మేలో మన దేశంలో సెకండ్ వేవ్ పీక్‌లో ఉండగా, కేంద్రం ఎంబీబీఎస్ ఫైనలియర్ స్టూడెంట్లని కూడా పనిలోకి తీసుకోవచ్చంది. సీనియర్ల పర్యవేక్షణలో, ఫోన్ ద్వారా సలహాలివ్వడానికి, లక్షణాలు తక్కువున్న వాళ్లని చూసుకోవడానికి. డెన్మార్క్ స్టూడెంట్ చేతిలో రబ్బరు సంచి, మన స్టూడెంట్ చేతిలో ఫోన్. ఇద్దరి వయసూ ఇంచుమించు ఒకటే.

మన దగ్గరి సంగతి ఇంకొకటి చెప్పాలి. 108 అంబులెన్స్ సర్వీస్ మొదలైంది మన హైదరాబాద్‌లోనే, 2005 ఆగస్టు 15న. తర్వాతే వేరే రాష్ట్రాలకి వెళ్లింది. ఆ బండిలో వచ్చే ఈఎంటీ, క్యాజువాల్టీలో పేషెంట్‌ని మొదట పట్టుకునే నర్సు, స్ట్రెచర్ తోసే అన్న, వీళ్లంతా ఆలోచించేది తెలుగులో. నేను ఇప్పటిదాకా చెప్పిన ప్రతి సైట్, ప్రతి పాడ్‌కాస్ట్ ఇంగ్లిష్‌లో ఉంది. అది కూడా వేగంగా మాట్లాడే అమెరికా, ఆస్ట్రేలియా ఇంగ్లిష్. ధర అడ్డు తొలిగింది, దూరం అడ్డు తొలిగింది, భాష అడ్డు అలాగే ఉంది. డాక్టర్లు ఎలాగోలా దాటేస్తారు, వాళ్ల చదువే ఇంగ్లిష్ కాబట్టి. మిగతావాళ్లకి ఫ్రీ అని బోర్డున్న తలుపుకి తాళం వేసి ఉన్నట్టే. మెడికోలు, నర్సింగ్ స్టూడెంట్లు చాలామంది ఈ ఛానల్ చూస్తారని కామెంట్లలో తెలుస్తుంటుంది. మీలో ఒక్కరు వెంటిలేటర్ అలారం మోగితే ఏం చూడాలి అన్న ఒక్క పాఠాన్ని, మీ సీనియర్ చేత దిద్దించి, మంచి తెలుగులో పెట్టండి. లింక్ నాకు పంపండి, నేను ప్రచారం చేస్తా.

డాక్టర్లు కాని మనకోసం ఒకటి ఉంది. 2017లో మన దేశపు మత్తు డాక్టర్లు, మామూలు జనం కోసం కోల్స్ అనే పద్ధతి తయారుచేశారు. కంప్రెషన్ ఓన్లీ లైఫ్ సపోర్ట్. నోట్లో నోరు పెట్టి ఊదడం లేదు, చేతులతో నొక్కడమే. ఎదుటి మనిషి పడిపోయాడు, పిలిస్తే పలకట్లేదు, ఊపిరి మామూలుగా లేదు. వెంటనే 108కి ఫోన్ చేయించండి. నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ సరిగ్గా మధ్యలో అరచేతి మడమ పెట్టి, దాని మీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా, గట్టిగా, వేగంగా నొక్కండి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకైతే 5 సెంటీమీటర్ల లోతు దిగాలి, వదిలినప్పుడు ఛాతీ పూర్తిగా పైకి రావాలి. అంబులెన్స్ వచ్చేదాకా ఆపొద్దు, అలిసిపోతే పక్కవాళ్లకి అప్పజెప్పండి. వీడియో చూసి తెలుసుకోవడం ఒకెత్తు, బొమ్మ మీద ఒక్కసారైనా నొక్కి చూడటం ఇంకొకెత్తు. మీ కాలేజీలో ట్రైనింగ్ పెడితే బంక్ కొట్టకండి.

ఆ బొమ్మ అన్నాను కదా, దాని మొహం పారిస్‌లో సీన్ నదిలో దొరికిన ఒక అమ్మాయిదని చెప్తారు. అది ఎంతవరకు నిజం, ఆ మొహం నార్వే బొమ్మల ఫ్యాక్టరీకి ఎలా చేరింది, వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఉంటాను, నమస్తే.